మాయాబజార్ నుంచి కంచరపాలెం దాకా: మా ఆదివారపు సినిమా కబుర్లు

పాత సినిమా గొప్పదా, కొత్త సినిమా గొప్పదా అన్న వాదన విశాఖపట్నంలో ఏ ఇద్దరు సినిమా ప్రియులు కలిసినా పది నిమిషాల్లో మొదలవుతుంది. సినిమా హాలు పేర్లే కూడళ్ళకూ బజార్లకూ స్థిరపడిపోయిన ఊరు ఇది. జగదాంబ జంక్షన్ అన్నా, పూర్ణా మార్కెట్ అన్నా ముందు గుర్తుకొచ్చేది తెరే. ఆదివారం సాయంత్రాల్లో ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర గట్టు మీద చేరే మా చిన్న బృందంలోనూ ఈ వాదన తప్పదు. పోర్టులో పనిచేసి రిటైరైన బాబాయిగారు, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు మాస్టారు, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రవాడు, కంచరపాలెంలోనే పుట్టి పెరిగిన బ్యాంకు ఉద్యోగిని, నేను. మురీ మిక్చర్ పొట్లాలు ఖాళీ అవుతాయి గానీ వాదన మాత్రం తెగదు.

ఈ కబుర్లన్నీ విన్న తరువాత నాకంటూ ఒక కొలత ఏర్పడింది. సినిమా ఏ కాలానిదైనా సరే, అందులో మనిషి నోట వచ్చే మాట ఆ మనిషిదేనా, లేక రచయిత తెచ్చి పెట్టినదా అన్నది నేను మొదట చూస్తాను. ఛాయాగ్రహణం, సంగీతం, నటన అన్నీ గొప్పవే అయినా, మాట అతకకపోతే ఆ పాత్ర నా మనసులో ఎక్కువ కాలం ఉండదు. ఈ కొలతతో చూసినప్పుడు పాతా కొత్తా గీత చెరిగిపోయి, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని సినిమాలు పక్కపక్కన వచ్చి నిలబడతాయి.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన మాయాబజార్‌నే తీసుకుంటాను. పాత సినిమాలు నెమ్మదిగా నడుస్తాయన్నది మా కుర్రవాడి ఫిర్యాదు. మూడు గంటలు దాటిన ఈ చిత్రంలో ఒక్క సన్నివేశం తీసేయమంటే మాత్రం ఏది తీయాలో అతనూ చెప్పలేకపోయాడు. దానికి కారణం పింగళి నాగేంద్రరావు మాటలేనని నా నమ్మకం. పురాణ పాత్రలు కదా అని అందరికీ ఒకే గ్రాంథికం అంటగట్టకుండా ఆయన ఒక్కొక్కరికి ఒక్కొక్క పలుకుబడి ఇచ్చారు. శకుని పలుకులో మెత్తని విషం ఉంటుంది, రేలంగి వేసిన లక్ష్మణకుమారుడి మాటలో గారాబంతో చెడిన రాజకుమారుడి గొప్పలు ఉంటాయి, ఘటోత్కచుడి కొలువులోని చినమయ శిష్యుల నోట అసమదీయులు, తసమదీయులు దొర్లుతారు. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ వెతకనక్కర లేకుండా చిన్నపిల్లలకు కూడా అర్థమవుతాయి.

ఇక సావిత్రి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్న సన్నివేశాల్లో ఆమె భుజాలను చూడండి. చుట్టూ ఎవరూ లేనప్పుడు ఆ భుజాలు వెడల్పవుతాయి, అడుగు బరువెక్కుతుంది, చూపు మగవాడి చూపు అవుతుంది; ఎవరైనా లోపలికి రాగానే మెడ వంగి, సిగ్గు వచ్చి చేరుతుంది. ‘అహ నా పెళ్ళంట’ పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు పలికినప్పుడు ఆ దేహం మారడంలో క్షణం ఆలస్యం కూడా కనపడదు. ఎస్.వి. రంగారావు నడకను ఆమె ఎంతగా గమనించి ఉంటే ఆ పని సాధ్యమై ఉంటుందో అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. 2010లో విడుదలైన రంగుల మాయాబజార్ మా బాబాయిగారికి ఎంతో ఇష్టం. ఆ రంగుల వల్లే తన మనవలు ఆ సినిమా చూశారని ఆయన అంటారు, అది కొట్టిపారేయలేని మాటే. అయినా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపుల్లో చూపిన వెన్నెల ముందు ఆ రంగులు నాకు ఆనవు.

మా ఊరి సినిమా అనగానే అందరూ ముందుగా చెప్పేది మరోచరిత్ర. కె. బాలచందర్ 1978లో తీసిన ఈ చిత్రంలో మన సముద్రం, మన భీమిలి ఇసుక, కొండవాలు రోడ్లు ఎంత అందంగా వచ్చాయో చూసినవారికి చెప్పనక్కర లేదు. తెలుగులో తీసిన ఆ సినిమా మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడిందన్న సంగతి చెప్పేటప్పుడు బాబాయిగారి గొంతులో ఈనాటికీ గర్వం వినిపిస్తుంది. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇళ్ళు, ఒకరి భాష ఒకరికి రాదు. ఏడాది పాటు ఒకరినొకరు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు అని పెద్దలు పెట్టిన షరతు చుట్టూ కథ నడుస్తుంది. ‘భలే భలే మగాడివోయ్’ పాటలో ఆ అమ్మాయి తెలుగులో అంటూ ఉంటే అతను ఇంగ్లీషులో బదులివ్వడం, లిఫ్టులో తెలుగు సినిమా పేర్లనే గుచ్చి పాట కట్టడం, ఇవన్నీ భాష చాలని చోట ప్రేమ వెతుక్కున్న దారులు. సినిమా పేర్లు వల్లించి ప్రేమను చెప్పుకోవచ్చునన్న ఆ ఊహ నాలాంటి సినిమా పిచ్చివాళ్ళకు ఎంత ఆనందమిస్తుందో మాటల్లో చెప్పలేను. ఆ అమ్మాయిగా నటించిన సరితకు అదే తొలి చిత్రమంటే నమ్మడం కష్టం.

అంత ఇష్టపడుతూనే రెండు విషయాలు చెప్పాలి. మొదటిది ముగింపు. ఆ ఇద్దరిని విడదీసింది పెద్దల భాషాద్వేషం. చంపింది మాత్రం వేరే మనుషుల దౌర్జన్యం. దాంతో కథలో అసలు దోషులైన పెద్దలు జవాబు చెప్పవలసిన అవసరం లేకుండా తప్పించుకున్నారు. నాకు ఆ చావుల కంటే, ఏడాది తరువాత తిరిగివచ్చిన ఆ పిల్లలకు పెద్దలు ఏం చెప్పేవారో చూడాలని ఉండేది. రెండవది, ఆ సినిమాలో విశాఖపట్నం కనిపిస్తుంది గానీ వినిపించదు. సముద్రం ఉంది, శిథిలాలు ఉన్నాయి, కానీ ఇక్కడి బస్సులో, బజారులో, బడిలో వినబడే ఉత్తరాంధ్ర యాస ఎక్కడా తగలదు. 1981లో ఇదే కథను బాలచందర్ హిందీలో తీసినప్పుడు గోవాకు మార్చగలిగారు. కథకు కావలసింది ఒక సముద్రతీరం, అంతే. మా బృందంలో ఈ మాట ఎవరూ ఒప్పుకోలేదు. భాష రాని ఇద్దరి కథలో యాస ఎందుకని మాస్టారు అడిగారు. అబ్బాయికి తెలుగు రాదు సరే, అమ్మాయి ఇంట్లోవాళ్ళకు వచ్చు కదా అన్నాను నేను.

సరిగ్గా నలభై ఏళ్ళకు, 2018లో, వెంకటేష్ మహా కేరాఫ్ కంచరపాలెం తీశారు. అందులో మన ఊరు వినిపించింది. తారలు లేరు, ఎక్కువమంది ఆ పేటవాళ్ళే తమ గొంతుతో, తమ మాటతో నటించారు. సంభాషణలను తరువాత డబ్బింగ్ గదిలో చెప్పించకుండా చిత్రీకరణ సమయంలోనే రికార్డు చేయడం వల్ల మాటల మధ్య తడబాటు, ఊపిరి, పక్కనున్నవాళ్ళ అలికిడి కూడా తెరకెక్కాయి. మా బ్యాంకు ఉద్యోగిని మొదటి ఆట చూసి వచ్చి, “ఏటండీ, మా వీధి అరుగు మీద కూచుని ఇన్నట్టే ఉంది” అన్నది. ఆ సినిమాపై నేను విన్న సమీక్షల్లో అంతకు మించినది లేదు.

మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, రోజూ వచ్చి సీసా కొనుక్కుపోయే సలీమాను ప్రేమించే భాగం నాకు అన్నిటికన్నా ఇష్టం. ముఖానికి ముసుగు, కనిపించేవి కళ్ళు మాత్రమే. డబ్బు ఇటు, సీసా అటు మారే ఆ కొద్ది క్షణాల్లో వాళ్ళ మధ్య ఉండేవి రెండు మూడు పొడి మాటలు. ప్రేమ సన్నివేశానికి కవిత్వం కావాలనుకునేవారు ఆ దుకాణం గల్లా దగ్గర జరిగేదంతా ఒకసారి చూడాలి. ఇదే సినిమాలో బడిపిల్ల సునీత వేడుకలో పాడే పాట ఏదో గుర్తుందా? అదే ‘భలే భలే మగాడివోయ్’. కూతురు ఆ పాట పాడిందని తండ్రికి కోపం వచ్చి ఆమెను ఊరు దాటించేస్తాడు. 1978లో భీమిలి ఇసుకలో ఇద్దరిని దగ్గర చేసిన పాట, 2018లో ఇద్దరు పిల్లలను దూరం చేసింది. వెంకటేష్ మహా ఆ పాటను ఎంచుకోవడంలో మన ఊరి పాత సినిమాకు పెట్టిన నమస్కారమూ ఉంది, దానికి చెప్పిన జవాబూ ఉంది అని నాకు అనిపిస్తుంది.

మన్యం వీరుడి దగ్గరకు వచ్చేసరికి మా వాళ్ళ గొంతులు పెరుగుతాయి. బాబాయిగారికి కృష్ణ నూరవ చిత్రం, 1974 నాటి అల్లూరి సీతారామరాజు. కుర్రవాడికి 2022 నాటి ఆర్ఆర్ఆర్. మొదటిది తెలుగులో తొలి పూర్తిస్థాయి స్కోప్ (వెడల్పు తెర) చిత్రం, చింతపల్లి అడవుల్లో తీసినది. మధ్యలోనే దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూస్తే మిగిలినవారు పూర్తి చేసినది. మన విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీకి జాతీయ పురస్కారం తెచ్చిన ‘తెలుగు వీర లేవరా’ అందులోదే. త్రిపురనేని మహారథి రాసిన మాటల్లో రూథర్‌ఫర్డ్ వేషంలో ఉన్న జగ్గయ్య, కృష్ణతో తలపడే చివరి ఘట్టం ఈనాటికీ రోమాంచితంగా ఉంటుంది. బ్రిటిష్ అధికారి అంత గంభీరమైన తెలుగు మాట్లాడటం నిజానికి దూరమే, కానీ అది నాటక భాషగా మొదటి నుంచీ నిలకడగా ఉంది కనుక నాకు అభ్యంతరం లేదు. ఆర్ఆర్ఆర్ సంగతి వేరు. చరిత్రలో కలవని ఇద్దరు వీరులు, అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్, కలిస్తే అన్న కల్పన అది. ‘నాటు నాటు’కు 2023లో ఆస్కార్ వచ్చిన ఉదయం నేనూ మిఠాయి పంచాను. అందులో భీమ్ తెలంగాణ మాట మాట్లాడితే, రామ్ నోట మన మన్యపు మాట ఒక్కటీ పలకలేదు. న్యాయంగా చెప్పాలంటే 1974 నాటి చిత్రంలోనూ పలకలేదు. చింతపల్లి, కొయ్యూరు ప్రాంతాల పలుకుతో సీతారామరాజు సినిమా ఇంకా రావలసే ఉంది.

ఉత్తరాంధ్ర మాట తెర మీద చాలా కాలం పనివాళ్ళకూ హాస్యగాళ్ళకూ మాత్రమే దక్కిందన్నది మాస్టారి బాధ. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైనప్పుడే వాడుక మాట నాటకం మొత్తాన్ని మోయగలదని రుజువైంది కదా, సినిమాకు ఎందుకింత కాలం పట్టిందని ఆయన అడుగుతారు. ఆ నాటకాన్నే పి. పుల్లయ్య 1955లో సినిమాగా తీశారు, ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. ఆ తరువాత ఈ ప్రాంతపు మాటను కథానాయకుడి నోట వినడానికి చాలా ఏళ్ళు ఆగవలసి వచ్చింది. 2020లో కరుణ కుమార్ తీసిన ‘పలాస 1978’ సినిమాలో ఆ మాటకు కోపం, ఆత్మగౌరవం వచ్చాయి. హింస కొంత ఎక్కువైనా, కులం గురించి అంత సూటిగా మాట్లాడిన తెలుగు సినిమాలు తక్కువ. 2025లో వచ్చిన తండేల్, గుజరాత్ తీరంలో వేటకు వెళ్ళి పాకిస్తాన్ చెరలో చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల నిజ జీవితం ఆధారంగా తీసినది. ఒడ్డున ఎదురుచూసే సాయిపల్లవి మాట నాకు నిజమనిపించింది. జైలులో జరిగే ఘట్టాల్లో మాత్రం ఆ మత్స్యకారులు తమ మాట వదిలి సినిమా మాట అందుకున్నారు. బాబాయిగారు నాతో ఏకీభవించిన ఏకైక కొత్త సినిమా ఇది.

ఒక విషయంలో మాస్టారికీ నాకూ ఇంకా పొత్తు కుదరలేదు. కేరాఫ్ కంచరపాలెం చూడనివారు ఈ పేరా వదిలేయండి. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు వేరువేరు మనుషులని రెండు గంటలు నమ్మించి, చివరికి నలుగురూ ఒక్కడేనని చెప్పడం గారడీయే తప్ప కథ కాదని ఆయన వాదన. రెండోసారి చూడమని నేను అడుగుతున్నాను. నిజం తెలిసి చూస్తే, నలభై తొమ్మిదేళ్ళ అటెండర్ రాజును పెళ్ళెప్పుడని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టించిన ప్రతిసారీ అతను ఎందుకు అలా నవ్వి ఊరుకుంటాడో తెలుస్తుంది. మొదటిసారి అది మంచివాడి నవ్వుగా కనిపిస్తుంది. రెండోసారి ఆ నవ్వు వెనుక సునీత, భార్గవి, సలీమా ముగ్గురూ ఉంటారు. గారడీ అయితే గుట్టు తెలిశాక తేలిపోవాలి, ఈ సినిమా గుట్టు తెలిశాకే బరువెక్కుతుంది. మాస్టారు సరేనన్నారు గానీ, అందుకు బదులుగా నేను రంగుల మాయాబజార్‌ను ఆయన ఇంట్లో మొదటి నుంచి చివరి దాకా చూడాలని షరతు పెట్టారు.