మేమూ వాలీబాల్ ఆడాం

మన బడి సంచిక వేస్తున్నాం, తలా ఒకటి రాసివ్వండి అని మన గ్రూపులో మెసేజీ వచ్చినప్పుడు కాస్త భయమేసింది. లెక్కల మాస్టారి బెత్తం గురించి, బావి పక్క చింతచెట్టు గురించి, ఉప్పూకారం అద్దిన జామకాయల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మన 97 బ్యాచిలోనే అరడజను మంది ఉన్నారు. అందుకని నేను జపాను వాళ్ల కార్టూన్ల గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి. 43 ఏళ్ల మనిషి, పగలంతా బ్యాంకు కౌంటర్లో కూర్చునే మనిషి, రాత్రి గిన్నెలు తోమేసి సోఫాలో కాళ్లు ముడుచుకుని కార్టూన్లు చూస్తుందంటే మా ఆడపడుచు నవ్వి నవ్వి పొలమారి, నీళ్లు తాగాల్సి వచ్చింది.

కార్టూన్లు అనకూడదట, యానిమే అనాలట. ఇంటరు చదివే మా అబ్బాయి నన్ను రోజూ దిద్దుతుంటాడు. వాడి లెక్కలో నేను పెద్దగా తెలిసినదాన్నేం కాదు. చూసినవి పదో పన్నెండో. మధ్యలో వదిలేసినవి అంతకు రెట్టింపు.

అసలు మనందరం చిన్నప్పుడే ఒకటి చూశాం, అది యానిమే అని తెలియకుండా. ఆదివారం పొద్దున దూరదర్శన్లో వచ్చిన మోగ్లీ. వీధి మొత్తానికీ రెండే టీవీలు, నూనె తలలతో గుమ్మం దాకా కూర్చునేవాళ్లం. హిందీ ఒక్క ముక్క రాకపోయినా పాటలో ‘చెడ్డీ’ అన్న మాట దగ్గర మాత్రం అందరం ఒకేసారి కిసుక్కుమనేవాళ్లం. దాన్ని తీసింది జపానులో నిప్పన్ యానిమేషన్ అనే కంపెనీ. 1989లో మొదలుపెట్టి 52 భాగాలు తీశారు. మధ్యప్రదేశ్ అడవుల కథని ఒక తెల్లదొర ఇంగ్లీషులో రాస్తే, జపాను వాళ్లు బొమ్మలు గీస్తే, అది హిందీలో మన ఊరికి వచ్చింది. అందులో పులి షేర్ ఖాన్‌కి గొంతు ఇచ్చింది నానా పాటేకర్ అని మొన్న మొన్ననే తెలిసింది. ఊరికే భయపడలేదన్నమాట.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఊసే లేదు. పెళ్లి, ఉద్యోగం, పిల్లాడు. వాడు డోరేమాన్ చూసి హిందీ నేర్చుకున్నాడు, షిన్‌చాన్ చూసి మా అత్తగారికి ఎదురు చెప్పడం నేర్చుకున్నాడు. నాకు మళ్లీ అలవాటైంది కరోనా రోజుల్లో. వాడు ఫోను పట్టుకుని గదిలో తలుపేసుకుంటుంటే, నాతో కలిసి టీవీలో చూస్తేనే చూడు అని షరతు పెట్టాను. కాపలా కూర్చున్నదాన్ని కాస్తా చిక్కుకుపోయాను.

మొదట పెట్టింది ‘ఎటాక్ ఆన్ టైటాన్’. మొదటి భాగంలోనే ఒక రాక్షసుడు కొడుకు కళ్ల ముందే తల్లిని నమిలేశాడు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసిన బొమ్మ కాదది. లేచిపోయాను. మహా గొప్ప కథ అని వాడు ఇప్పటికీ వాదిస్తాడు, కాదని నేను అనను. నాకు వద్దు, అంతే.

‘డెత్ నోట్’ మాత్రం విడవకుండా చూశాను. పేరు రాస్తే మనిషి చచ్చిపోయే నోటుపుస్తకం. క్లాసు లీడరుగా మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాసిన అనుభవం ఉన్నదాన్ని కనక ఆ కుర్రాడికి తల ఎలా తిరిగిందో నాకు బాగానే అర్థమైంది. మొత్తం 37 భాగాలు, 25 దాకా నరాలు తెగేలా ఉంటుంది. అక్కడ ఒక మనిషి పోతాడు, దాంతో కథకి ఉప్పు పోయినట్టే. మిగిలిన పన్నెండూ చూశానంటే చూశాను.

నాకు సరిపడేవి వేరే ఉన్నాయని మెల్లిగా తెలిసింది. ‘సిల్వర్ స్పూన్’ అని ఒకటి ఉంది. మార్కుల పోటీకి జడిసి సప్పోరో పట్నం నుంచి పారిపోయి, హాస్టలు ఉందన్న ఒక్క కారణంతో వ్యవసాయ పాఠశాలలో చేరిన హచికెన్ అనే కుర్రాడి కథ. గుడ్డు కోడి కడుపులోంచి ఎలా వస్తుందో చూసి వాడు తిననని మొండికేస్తే, రైతు పిల్లలు వింతగా చూస్తారు. మా నాన్న ఉండి ఉంటే సోఫాలోంచి కిందపడి నవ్వేవాడు. తర్వాత వాడు ఒక పందిపిల్లకి పేరు పెట్టి పెంచుతాడు. పేరు పెట్టకు, తర్వాత కష్టం అని అందరూ చెబుతూనే ఉంటారు. వాడు పెట్టిన పేరేమో పంది మాంసం వేసి వండే అన్నం పేరు! చివరికి దాన్ని కోతకి పంపి, సెలవుల్లో పనిచేసి సంపాదించిన డబ్బుతో ఆ మాంసం తనే కొనుక్కుంటాడు. కథ రాసిన హిరోము అరకావా హొక్కయిదోలో పాడి రైతుల ఇంట పుట్టిపెరిగిన మనిషి. అందుకే అందులో పల్లెటూరు సినిమా పల్లెటూరిలా ఉండదు. పేడ వాసన వస్తుంది, అప్పులుంటాయి. సంక్రాంతికి కోసిన మా ఇంటి పుంజుకి ఏడో తరగతిలో నేను పేరు పెట్టాను. ఆ కూర తిన్నానా లేదా అన్నది ఇక్కడ రాయను.

‘బరకమోన్’ కూడా చెప్పాలి. 2014లో వచ్చింది, పన్నెండే భాగాలు, వారంలో అయిపోతుంది. దస్తూరీనే వృత్తిగా పెట్టుకున్న యువకుడు, అక్షరాలు పాఠ్యపుస్తకంలా ఉన్నాయన్న పెద్దాయన్ని కొట్టి, నాగసాకి వైపు గోతో దీవుల్లో ఒక పల్లెకి వచ్చిపడతాడు. అక్కడ నారు అని ఒక అల్లరి పిల్ల. ఆ గొంతు నిజంగా చిన్నపిల్లదే, పెద్దవాళ్లు సన్నగా చేసి పలికింది కాదు. నాలుగు గీతల కాపీలో గుండ్రంగా రాస్తే ‘చాలా బాగు’ అని ఎర్రసిరా పెట్టే మన తెలుగు మాస్టారికి ఇది చూపించి, ‘అచ్చులా ఉంటే తప్పేంటండీ?’ అని అడగాలనిపించింది.

ఇవన్నీ బాగున్నాయి. కానీ ఈ వ్యాసం నేను రాయడానికి కూర్చుంది ‘హైక్యూ’ గురించి.

హైక్యూ అంటే జపాను భాషలో వాలీబాల్. కథ మియాగి అనే చోట కరసునో హైస్కూలు జట్టుది. కరసు అంటే కాకి. ఒకప్పుడు బాగా ఆడి తర్వాత చితికిపోయిన బడి కనక ‘ఎగరలేని కాకులు’ అని ఊరంతా వెక్కిరిస్తుంది. అందులోకి 162 సెంటీమీటర్ల పొట్టి పిల్లాడు హినాటా వచ్చి పడతాడు, షాట్లు కొడతానంటూ. వాడికి లిఫ్ట్ ఇచ్చేవాడు, అంటే కొట్టడానికి వీలుగా బంతి పైకి లేపి అందించేవాడు, కగెయామా. ఇద్దరికీ క్షణం పడదు. హినాటా కళ్లు మూసుకుని ఎగిరి చెయ్యి విసురుతాడు, కగెయామా సరిగ్గా ఆ చేతిలోకే బంతి పంపుతాడు. ఇదెక్కడి చోద్యం అనుకున్నాను. మన డ్రిల్లు మాస్టారి ముందు కళ్లు మూసుకుని ఎగిరి ఉంటే వీపు విమానం మోతే. రెండో సీజన్లో వాడికే అనిపిస్తుంది, కళ్లు తెరిచి కొట్టాలని. అక్కడి నుంచి నేను వాడి పక్షం.

ఆట నాకు తెలుసనే ధీమాతో మొదలుపెట్టాను కానీ రెండు చోట్ల తడబడ్డాను. సర్వీసు వాళ్లదైతే వీళ్లకి పాయింటెలా వచ్చిందిరా అని అడిగాను. మన రోజుల్లో సర్వీసు చేతిలో ఉంటేనే పాయింటు, 15కి సెట్టు. ఇప్పుడు ఎవరి సర్వీసయినా బంతి పడితే పాయింటే, 25కి ఆడతారు. జట్టంతా ఒక రంగు చొక్కాలో ఉంటే వేరే రంగులో దూకుతున్న ఆ బుడతడెవరు అని కూడా అడిగాను. నిషినోయా, లిబరో. వెనక వరసలో బంతులు లేపడమే పని. అంతర్జాతీయ ఆటల్లోకి ఆ స్థానం 1998లో వచ్చిందట, మనం బడి దాటిన మరుసటి ఏడాది. మన జట్టులో 4 అడుగుల 10 అంగుళాల పిల్ల ఒకతి ఉండేది గుర్తుందా, నెట్ దగ్గరకొస్తే కనిపించదని అందరం ఏడిపించేవాళ్లం. ఇంకో రెండేళ్లు ఆగి పుట్టి ఉంటే దానికో స్థానం దొరికేది.

85 భాగాలూ చూశాను, కొన్ని రెండేసి సార్లు. మూడో సీజన్ పదికి పది భాగాలూ ఒకటే మ్యాచి, షిరతొరిజావా అనే పెద్ద బడితో అయిదు సెట్లు. మన సీరియల్లో ఒక చెంపదెబ్బని మూడు వైపుల నుంచి చూపిస్తే తిట్టుకునే నేను, ఇక్కడ ఒక్క సర్వీసుకి అయిదు నిమిషాలు పట్టినా కదల్లేదు. సుకిషిమా అని ఒక ఎత్తుపాటి కళ్లద్దాల పిల్లాడుంటాడు. ఇదంతా ఉత్త బడి ఆట, దీనికింత ప్రాణం పెట్టడమెందుకు అనే రకం. వాడు ఆ మ్యాచిలో అవతలి ఎడంచేతివాటం రాక్షసుడి షాటుని ఆపి కేక పెట్టినప్పుడు మా ఇంట్లో నేనూ అరిచాను. పక్క పోర్షన్ వాళ్లు తలుపు కొట్టారు.

వంకలూ ఉన్నాయి. ప్రతివాడూ బంతి గాల్లో ఉండగానే చిన్నతనమంతా తలచుకుంటాడు. అమ్మాయిలకి ఆట తక్కువ, నీళ్ల సీసాలు అందించడం ఎక్కువ. అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయితే అందులోనే మొదటి సీజన్ మధ్యలో కొద్దిసేపు వచ్చే ఒక ఘట్టం నన్ను పట్టుకుంది.

మియాగిలోని బడులన్నీ వచ్చిన పోటీ. కరసునో మొదటి మ్యాచి తొకొనామి అనే బడితో. అందులో కరసునో కెప్టెన్ పాత స్నేహితుడొకడున్నాడు. ఓడిపోతాడు. వేరే కథ అయితే వాడు అక్కడితో మాయం. ఇక్కడ కెమెరా వాడితో ఆగుతుంది. ఆ రోజు మొదటి ఆటతోనే ఇంటిదారి పట్టిన జట్లన్నిటినీ చూపిస్తారు. కరసునో బడి అమ్మాయిల జట్టు కూడా ఓడిపోతుంది. వాళ్ల కెప్టెన్ మిచిమియా కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. రేపు ఎవరూ తలచుకోరు కానీ, మేమూ ఆడాం వాలీబాల్ అని ఆ తొకొనామి కుర్రాడు మనసులో అనుకుంటాడు. అంతే, కథ మళ్లీ గెలిచినవాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది.

నేను రిమోట్ నొక్కి ఆపేశాను. ఏమైందమ్మా అన్నాడు మావాడు. ఏం లేదు, గ్రిగ్ పోటీలు గుర్తొచ్చాయి అన్నాను. గ్రిగ్ అంటే మన రోజుల్లో బడుల మధ్య జరిగే ఆటల పోటీలని వాడికేం తెలుస్తుంది!

1996. మనం పదిలో ఉన్నాం. మగపిల్లల జట్టుకి కోర్టు నాలుగింటి నుంచి, మాకు వాళ్లు వదిలాక. ఆ వేళకి సగంమందిని ఇళ్ల నుంచి పిలుపు. గీతలు మేమే ముగ్గుపిండితో వేసుకునేవాళ్లం, సున్నం మగపిల్లలకే అయిపోయేది. చున్నీలు నడుముకి బిగించి కంకర నేల మీద ఆడితే మోచిప్పలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆ ఏడాది డ్రిల్లు మాస్టారికి బదిలీ అయి పోస్టు ఖాళీ. మా వెంట హిందీ టీచరుగారు వచ్చారు. హైక్యూలో తకెదా అని సాహిత్యం చెప్పే మాస్టారొకాయన, ఆట ఓనమాలు తెలియకపోయినా పిల్లలకి ప్రాక్టీసు మ్యాచి ఇప్పించమని కనిపించిన బడివాళ్లందరి కాళ్లావేళ్లా పడతాడు. ఆయన తెర మీదికొచ్చినప్పుడల్లా నాకు టీచరుగారే. మా ఆరుగురి చెప్పులూ గాజులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, బంతి ఎటు పడ్డా ‘శభాష్’ అన్నారు పాపం.

మొదటి సెట్ 15-2. రెండోది 15-6. అరగంట పట్టలేదు. తిరుగు బస్సులో టీచరుగారు పులిహోర పొట్లాలు పంచితే మా కెప్టెన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, తినలేదు. మర్నాడు ప్రేయర్లో రెండో బహుమతి తెచ్చిన మగపిల్లల పేర్లు చదివారు. మాకు అదే మొదటి పోటీ, అదే చివరిది.

మొన్న సంచిక వాళ్లు ఆటల పేజీకి ఫొటోలు పంపమన్నారు. 96 మగపిల్లల జట్టు కప్పుతో దిగినది దొరికిందట, చూస్తారు మీరంతా. మా జట్టు ఫొటో ఉందా అని అడిగారు. లేదు. అందుకే ఈ కాగితాలు.

అన్నట్టు, ఆ భాగం లింకు మన జట్టు వాళ్లకి వాట్సాప్‌లో పంపాను. ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు, చూడలేదని తెలుస్తూనే ఉంది. ఆ పొట్టిపిల్ల మాత్రం తన కూతురితో కూర్చుని చూసి, తర్వాతివి కూడా పంపమంది. మా కెప్టెన్ మస్కట్‌లో ఉంటుంది కదా, రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు రాత్రి వాయిస్ మెసేజీ వచ్చింది.

‘ఏమే, ఆ రోజు మన చివరి సర్వీసు నెట్‌కి కొట్టింది నువ్వే కదా?’

నేనే. అప్పట్లో సర్వీసు తప్పితే పాయింటు పోయేది కాదు, సర్వీసు మాత్రమే పోయేది. అది మళ్లీ మా చేతికి రాలేదు. కానీ కింద నుంచి వెయ్యబోతున్నదాన్ని పట్టుకుని, పై నుంచి కొట్టవే అని అరిచింది ఎవరో కూడా నాకు గుర్తుంది. అదే తనకి తిరిగి పంపాను.