రోహిణి నుంచి శివరాత్రి దాకా: మౌంటెన్ బైక్ బట్టల లెక్క

సైకిల్ కొన్న రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఎక్కడికి వెళ్ళాను, ఏం వేసుకున్నాను, ఏది పనికొచ్చింది, ఏది బీరువా పాలైంది, అంతా అందులో ఉంది. కింద ఉన్నవి 2023 మే నుంచి 2024 మార్చి దాకా రాసుకున్న పేజీలు. వేరేవాళ్ళకు అర్థమయ్యేలా కాస్త విడమరిచాను.

ఇల్లు లింగంపల్లి దగ్గర. ఆదివారాలు మాత్రమే నావి. కారు వెనక సీటు మడిచి, సైకిల్ ముందు చక్రం ఊడదీసి పడుకోబెట్టి వికారాబాద్ వైపు పోతాం, నేనూ మా ఆఫీసు కుర్రాడూ. అనంతగిరి అడవి లోపలికి కాదు, చుట్టుపక్కల ఊళ్ళ మధ్య బండ్ల బాటల మీద. మిట్ట మీద ఎర్ర మొరం, పల్లంలో నల్లరేగడి. నా బండి 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది. టైర్లు 2.25 అంగుళాల వెడల్పు, ట్యూబ్‌లెస్. నా బరువు 74 కిలోలు. టైర్లలో గాలి లెక్క చూసుకునేవాళ్ళకు ఇది కావాలి.

అన్నట్టు, చక్రం ఊడదీసి ఉన్నప్పుడు బ్రేక్ లివర్ నొక్కకండి. ప్యాడ్లు రెండూ దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్ళీ దూరదు. నేను పాత విజిటింగ్ కార్డు మడిచి వాటి మధ్యలో పెడతాను.

మే 28, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండ అని ఊరికే అనలేదు పెద్దలు. ఉదయం 5:20కి మొదలుపెట్టి 8 లోపు ముగించాం. 24 కిలోమీటర్లు.

ఎండాకాలం చేతుల్లేని బనియన్ లాంటిది వేసుకుంటే చల్లగా ఉంటుందని మొన్నటిదాకా అనుకునేవాణ్ణి. పొలంలో పనిచేసేవాళ్ళను చూస్తే తెలియాలి కదా: ఒంటి నిండా చొక్కా, తలకు తువాలు. ఇప్పుడు పల్చటి తెల్ల ఫుల్ హ్యాండ్స్ పాలిస్టర్ జెర్సీ. కాటన్ టీషర్టు కూడా ప్రయత్నించాను. ఈ పొడి ఎండలో తడిసిన కాటన్ చల్లగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ బ్యాగు పట్టీల కింద నలిగి భుజాలు ఒరుసుకుపోయాయి. రెండు రోజులు ఆఫీసు బ్యాగు చేత్తో పట్టుకు తిరిగాను.

నీళ్ళు ఇద్దరికీ చెరో రెండు లీటర్లు. ఒక సీసాలో సగం నీళ్ళు పోసి రాత్రే ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున మిగతా సగం నింపుతాను. ఇంకో లీటరులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పూర్తిగా కలుపుతాను. రుచి బాగోలేదని లీటరు ప్యాకెట్‌ను రెండు లీటర్లలో కలిపేవాళ్ళున్నారు. అప్పుడు అది ఉప్పు తగ్గిన నీళ్ళే.

టిఫిన్‌కు ఆగినప్పుడు హెల్మెట్ కారులో వదల్లేదు. ఎండలో నిలబెట్టిన కారు వేడి దాని లోపలి థర్మాకోల్‌కు మంచిది కాదు. హోటల్లో పక్క కుర్చీ మీద పెడితే, సర్వర్ ఎవరో వస్తున్నారనుకుని అక్కడ కూడా మంచినీళ్ళ గ్లాసు పెట్టాడు.

జూన్ 11

మృగశిర వచ్చింది, చేపల పులుసు తిన్నాం, చినుకు మాత్రం లేదు. తొక్కలేదు కూడా. చక్రం విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశా. లోపల సీలెంట్ (చిల్లు పడితే దాన్ని పూడ్చే ద్రవం) ఉంటే గలగలమనాలి. చప్పుడు లేదు. మార్చిలో పోసింది ఈ ఎండలకు ఎండిపోయి, టైరు లోపల పాల మీగడలా పొర కట్టింది. చక్రానికి 100 మిల్లీలీటర్లు మళ్ళీ పోశా. సీసా మీద ఎన్ని నెలలని రాసి ఉన్నా, మన ఎండల్లో రెండు మూడు నెలలకోసారి చూసుకోవాల్సిందే.

జులై 16, పునర్వసు

చివరికి వాన. కొత్త రెయిన్ జాకెట్ తొడిగే మోజు తీరింది.

ఆ జాకెట్ కథ చెప్పాలి. వీడియోలు చూసి చూసి 3,800 పెట్టి కొన్నాను. లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లని ఉంది. నీటి ఒత్తిడిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె అది. ఆపింది కూడా. కానీ ఎక్కుడు మొదలైన పది నిమిషాలకే లోపల ఉక్క. మిట్ట మీద ఆగి చెయ్యి కిందికి వేలాడేస్తే, మోచేతి దగ్గర పేరుకున్న చెమట మణికట్టు దగ్గర సందులోంచి ధారగా కారింది. పైన చినుకులు తామరాకు మీద నీళ్ళలా జారిపోతున్నాయి. లోపల నేను ఆవిరి కుడుములా ఉడుకుతున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే జాకెట్ వేసుకోని మా ఆఫీసు కుర్రాడూ నేనూ సమానంగా తడిసి ఉన్నాం. వాడు వాన నీటిలో, నేను చెమటలో.

తప్పు జాకెట్‌ది కాదు. ఆ గుడ్డ చెమటను ఆవిరి రూపంలోనే బయటికి పంపగలదు. లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే ఆ ఆవిరి కదులుతుంది. ముసురు రోజుల్లో కూజాలో నీళ్ళు సరిగా చల్లబడవు, గమనించే ఉంటారు. దానికీ దీనికీ కారణం ఒకటే. గాలే తడిగా ఉంటే కూజా నుంచీ ఆవిరి పోదు, జాకెట్ నుంచీ పోదు. ఆ వీడియోల్లో వాళ్ళు తొక్కేది ఎనిమిది, పది డిగ్రీల చలివానలో. మనది 25 డిగ్రీల వాన.

తర్వాతి వారం నుంచి వానాకాలం వేషం మార్చాను. అదే పల్చటి పాలిస్టర్ జెర్సీ. మడిస్తే జేబులో పట్టే చేతుల్లేని విండ్‌చీటర్ ఒకటి, 700 రూపాయలు. ఎక్కేటప్పుడు అది జేబులోనే ఉంటుంది. ఆగినప్పుడు, దిగేటప్పుడు మాత్రం వేసుకుంటాను. పాలిథిన్ కవర్లో పొడి బనియన్, చిన్న తువాలు. తడవడం ఎలాగూ తప్పదు, ఆగినప్పుడు వణుకు రాకపోతే చాలు. ఏడాది మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన కొనుగోలు ఏదని అడిగితే ఆ పొడి బనియనే అంటాను.

జులై 30, పుష్యమి

వారమంతా ముసురు. ఆదివారం తెరిపిచ్చింది. ఒక మలుపు దగ్గర గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "సార్, గటు పోకుండ్రి. అంత రేగడే. బండి బిగుసుకపోతది" అన్నాడు. మావాడు, "అన్నా, ఇటైతే మూడు కిలోమీటర్లు తగ్గుతుంది" అన్నాడు. నేను మావాడి మాట విన్నాను.

యాభై మీటర్లు. అంతే వెళ్ళాం. రేగడి టైరుకు పట్టుకుని, దాని మీద ఇంకో పొర, దాని మీద గడ్డి, ఇలా చుట్టుకుంటూ పోయింది. టైరు రెండింతలైంది. ముందు ఫోర్కు వంపు కింద, వెనక చైను దగ్గర ఇరుకులో మట్టి కూరుకుపోయి చక్రాలు తిరగడం మానేశాయి. దిగి నెడదామంటే చక్రం తిరగకుండా ఈడ్చుకొస్తోంది. చెప్పుకోడానికి బండి 13 కిలోలు, భుజానికెత్తుకుంటే సిమెంటు బస్తా. బూట్ల కింద కూడా చెరో కిలో. తుమ్మ పుల్ల విరిచి గీకుతూ, పది అడుగులు మోస్తూ, మళ్ళీ గీకుతూ వెనక్కి రావడానికి నలభై నిమిషాలు. పెద్దాయన అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజు రాసుకున్నవి: ఎర్ర మొరం బాట వాన ఆగిన కొన్ని గంటలకే తొక్కడానికి తయారవుతుంది. రేగడికి కనీసం రెండు మూడు రోజుల ఎండ కావాలి. ముందు చక్రం మీద ప్లాస్టిక్ మడ్‌గార్డు మొరంలో కళ్ళలోకి ఇసుక రాకుండా ఆపుతుంది, రేగడిలో మట్టి ఇరుక్కోడానికి ఇంకో చోటు చూపిస్తుంది. నాది ప్లాస్టిక్ ట్యాగులతో కట్టింది, అవసరమైతే కత్తిరించేస్తాను. కళ్ళజోడుకు నల్ల అద్దాలు తీసి తెల్లవి పెట్టాను. మబ్బు పట్టినప్పుడు చెట్ల కింద నల్ల అద్దాలతో గుంట కనిపించదు. టైర్లలో గాలి పొడి రోజుల్లో ముందు 24, వెనక 27 పీఎస్‌ఐ. తడి మొరం మీద 21, 24. ట్యూబు ఉన్నవాళ్ళు ఇంత తక్కువ పెడితే, రాయి మీద పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి చీలుతుంది. వాళ్ళు 30కి పైనే ఉంచుకోవాలి.

బ్యాగులోకి పాత ప్లాస్టిక్ అట్లకాడ ఒకటి చేరింది. మట్టి గీకడానికి దాన్ని మించింది లేదు. వంటింట్లో అట్లకాడ ఏమైందని ఇంకా విచారణ నడుస్తోంది.

సెప్టెంబర్ 10

ఆగస్టులో వాన మొహం చాటేసింది, మళ్ళీ ఇప్పుడు వచ్చింది. ఈలోగా వెనక బ్రేక్ నుంచి గరగరమని చప్పుడు. ప్యాడ్లు తీసి చూస్తే మందం దాదాపు లేదు. అర మిల్లీమీటరుకు వస్తే మార్చేయమని బ్రేకుల కంపెనీ షిమానో చెబుతుంది. నావి అక్కడికి వచ్చేశాయి. ఎండాకాలం అంతా అరగనివి జులై నెల బురదలో అయిపోయాయి. ఇసుక కలిసిన నీళ్ళు మెత్తటి రెసిన్ ప్యాడ్లను గంధంలా అరగదీస్తాయి. మెటల్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి కదా అని కొనబోయి, అదృష్టం కొద్దీ డిస్కు మీద చిన్న అక్షరాలు చదివాను. రెసిన్ ప్యాడ్లు మాత్రమే అని చెక్కి ఉంది. కొనేముందు అది చూసుకోండి. మళ్ళీ రెసినే వేసి, ఒక జత బ్యాగులో ఉంచుకున్నాను.

వానాకాలం ఇంకో తలనొప్పి ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్. లోపల డ్రాయర్ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. ఇది సిగ్గుపడి ఎవరూ చెప్పరు, నాకూ చెప్పలేదు. ఇంటికి రాగానే ఉతకాలి, కంఫర్ట్ లాంటివి కలపకూడదు. అది పడితే పాలిస్టర్ గుడ్డ చెమట పీల్చడం మందగిస్తుంది. ముసురులో ఆ ప్యాడ్ ఆరడానికి రెండు రోజులు. ఖరీదైంది ఒకటి కొనేకన్నా మామూలువి రెండు మేలు. బూట్లలో పాత న్యూస్‌పేపర్ ఉండలు చేసి కూరి, రెండు గంటలకోసారి మారిస్తే తెల్లారేసరికి ఆరతాయి.

అక్టోబర్ 15

ఎండా లేదు, వానా లేదు. ఏం వేసుకున్నా నడిచింది. 41 కిలోమీటర్లు.

నవంబర్ 19

మధ్యాహ్నం క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ మ్యాచ్ ఉందని తొందరగా తిరిగొచ్చాం. రాకపోయినా బాగుండేది.

ఇప్పుడు శత్రువు పల్లేరు. వానకు పాకిన తీగలన్నీ ఎండి, కాయలు విడిపోయి దారి పక్కన కాచుకుని ఉన్నాయి. ఎటు పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఫొటో తీసుకుందామని గడ్డిలోకి దిగి బాట మీదికి వచ్చేసరికి ముందు టైరులో లెక్కపెడితే 14. ఒకటి పీకాను. సుయ్‌మని తెల్లటి నురగ వచ్చింది, చక్రం ఒక చుట్టు తిప్పేలోపు ఆగిపోయింది. మావాడిది ట్యూబు. వాడి టైరులో 6 కాయలు, 6 చిల్లులు, రెండే ప్యాచులు. చూపుడు వేలితో టైరు లోపల తడిమి ఇరిగిన ముల్లు మొన ఉందేమో చూడకుండా కొత్త ట్యూబు ఎక్కించాడు. పది నిమిషాల్లో మళ్ళీ దిగిపోయింది.

సర్కారు తుమ్మది వేరే లెవెల్. బాటకు రెండు వైపులా అడ్డం వచ్చి వేళ్ళ మీద కొడుతుంది, అందుకే ఎంత ఉక్కగా ఉన్నా గ్లవ్స్ వేళ్ళు పూర్తిగా కప్పేవే. పల్చటి అడుగు ఉన్న రన్నింగ్ షూస్ అయితే ఆ ముల్లు అడుగు నుంచి పాదందాకా వస్తుంది. కొంచెం బరువైనా సరే, గట్టి రబ్బరు అడుగు ఉన్నవే తీసుకోండి.

డిసెంబర్ 24

వికారాబాద్‌లో ఫోన్ 13 డిగ్రీలు చూపించింది. మంచు ఎంత ఉందంటే ముందు పోతున్న మావాడి వెనక లైటు ఇరవై అడుగుల్లో మాయమైపోయింది. తెల్లగా వెలిగే ముందు లైటు మంచు మీదే వెలుగుతుంది, దారి మీద కాదు. హెల్మెట్ మీద లైటు తీసేసి హ్యాండిల్ మీద కిందికి వంచి కట్టాక నయం.

మొదట్లో చలికి స్వెట్టర్ వేసుకొచ్చేవాణ్ణి. ఎక్కేటప్పుడు చెమటతో తడుస్తుంది, దిగేటప్పుడు ఆ తడి మీద గాలి తగిలి పళ్ళు టకటకలాడతాయి. ఇప్పుడు బయల్దేరేటప్పుడే కొంచెం చలి వేసేలా ఉంటాను. పాలిస్టర్ జెర్సీ, దాని మీద ఊడదీసే చేతుల తొడుగులు. మిట్ట మీదికి చేరాక పొడి బనియన్ మార్చి, వానాకాలం విండ్‌చీటర్ తగిలించి, దానికీ జెర్సీకీ మధ్య ఛాతీ మీద న్యూస్‌పేపర్ నాలుగు మడతలు. నవ్వుకోవచ్చు, కానీ గాలి ఆపడంలో అది జాకెట్‌కు తీసిపోదు. దిగాక దాని మీదే పల్లీలు పోసుకుని తిన్నాం.

ఆ 3,800 జాకెట్ ఈ చలికైనా పనికొస్తుందని తెచ్చాను. రాలేదు, ఉక్కే. మా చిన్నమ్మ కొడుకు జనవరిలో ఎమ్మెస్‌కు సియాటిల్ వెళ్తున్నాడు. వాడికి ఇచ్చేశాను.

మార్చి 10

మొన్న శుక్రవారం శివరాత్రి. చలి శివశివా అంటూ పోయింది. చేతుల తొడుగులు ఉతికి అటక మీద పెట్టాను, తెల్ల జెర్సీ కిందికి దిగింది, కళ్ళజోడుకు నల్ల అద్దాలు మళ్ళీ ఎక్కాయి. సియాటిల్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ రోజూ సన్నటి వానట, చలి. "అన్నా, నీ జాకెట్ సూపర్. లోపల చుక్క తడి లేదు" అన్నాడు.

సరేలే అని ఫోన్ పెట్టేసి, చక్రం విప్పి చెవి దగ్గర ఊపి చూశా. చప్పుడు లేదు. సీలెంట్ ఆర్డర్ పెట్టాలి.