పైన కరకర, లోపల ఐసు

బీచ్ రోడ్డులో ఆఫీసు పార్టీ. రొయ్యల ఫ్రై పైకి ఎర్రగా, కరకరలాడుతూ బాగానే ఉంది. రెండోది కొరికితే లోపల కండ బూడిదరంగులో, గాజుముక్కలా నిగనిగలాడుతూ పంటికి చల్లగా తగిలింది. పక్కన పెట్టేశాను. మొదటిది అప్పటికే కడుపులో ఉంది.

మర్నాడు రాత్రికి చలిజ్వరం, మెలిపెట్టే కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు. ఆ ప్లేటులోనే తిన్న కొలీగ్‌కీ ఇదే అవస్థ. ఓఆర్ఎస్ తాగింది తాగినట్టే బయటికొచ్చేది. లేస్తే కళ్లు తిరుగుతుంటే మా ఆవిడ టెన్షన్ పడి ఆసుపత్రికి తీసుకెళ్లింది. సెలైన్ ఎక్కించారు, ఏ క్రిమో తేల్చడానికి మలం కల్చర్‌ పరీక్షకి పంపారు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అని తేలింది. రిపోర్టులో ఒక్కో మందు ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఉంటుంది; ఆర్ అంటే ఆ మందుకి లొంగదని. విరేచనాలనగానే మనవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లోక్సాసిన్ ఎదురుగా ఆర్! చాలామందికి యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతుందట. నాకు జ్వరం దిగక సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు.

రొయ్యల ఎగుమతి ప్లాంటులో క్వాలిటీ చూసే మా బావ పలకరించడానికొచ్చాడు. "ఫ్రీజర్లో పెడితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుందనుకున్నావేంట్రా? మైనస్ 18 డిగ్రీల్లో పెరగదు, అంతే. ఐసు వదిలాక మళ్లీ మొదలు" అన్నాడు. చెరువులో పడే పక్షి రెట్టలు, కలిసే మురుగు, వలిచే చేతులు, శుభ్రంలేని ఐసు, ఎక్కడైనా అంటుకోవచ్చట. వాళ్ల దగ్గర 25 గ్రాముల శాంపిల్లో సాల్మొనెల్లా అసలు కనిపించకూడదు. మన దగ్గర అమ్మే సరుకుకీ ఆ నిబంధన ఉంది. కానీ హోటల్ వంటింట్లో మూకుడు దగ్గర నిలబడి చూసేదెవరు? గడ్డకట్టిన రొయ్యని పిండిలో ముంచి కాగే నూనెలో వేస్తే పైపిండి వేగిపోతుంది, లోపల 63 డిగ్రీల వేడి చేరకముందే ప్లేటులోకి వచ్చేస్తుంది.

రొయ్యల వల్లేనని ల్యాబ్ రుజువేమీ లేదు. అయినా ఆ కొలీగూ నేనూ కలిసి తిన్నది అదొక్కటే. హోటల్‌కి మెయిల్ పెడితే క్షమాపణ బదులు డిస్కౌంట్ కూపన్ పంపారు. ఎంత ఉదారం!

ఇంటికొచ్చాక గంజి, సగ్గుబియ్యం జావ, తర్వాత మెత్తటి పప్పన్నం. జ్వరం పోయినా పాలటీ తాగితే పొట్ట ఉబ్బేది. పాలలోని చక్కెరని అరిగించే పేగు పొర దెబ్బతింటే కొన్నాళ్లు అలాగే ఉంటుందన్నారు డాక్టరు. రొయ్యల ఇగురు మళ్లీ తిన్నాను గానీ, టీ ఒంటికి పడటానికి ఇంకా చాలా రోజులు పట్టింది.