పార్కూర్ బూట్లు: 14 నెలల్లో మూడు జతలు

ఉప్పల్‌లో మా కాలనీ పార్కు ప్రహరీ మీద పార్కూర్ (గోడలు, కమ్మీలు దూకుతూ, ఎక్కుతూ సాగే వ్యాయామం) సాధన మొదలుపెట్టి ఈ వారంతో 14 నెలలు నిండాయి. ఇంతవరకూ దూకిన దూరాలే రాసుకుంటూ వచ్చిన ఈ నోటుపుస్తకంలో బూట్లకూ ఒక పుట ఉండాలని మూడో జత కొన్నాక అనిపించింది. బూటు ఆయువును నేను నెలల్లో కాక సాధన పూటల్లో లెక్కిస్తాను. మొదటి జత 41 పూటలకే మూలన పడింది, రెండోది 96 పూటలు నిలిచింది. ధర మాత్రం మొదటిదే రెట్టింపు.

మొదటివి పరుగు బూట్లు. మడమ కింద మందపాటి ఫోమ్ ఉంటే మోకాళ్ళకు రక్షణ అనుకున్నాను. ఆ మెత్తదనం వల్ల ఇనుప కమ్మీ మీద నిలబడినప్పుడు అంచు ఎక్కడుందో పాదానికి తెలిసేది కాదు. పైగా ఫోమ్ ఉందన్న ధీమాతో మడమల మీద దిగడం అలవాటైంది. దిగవలసింది పాదం ముందు భాగం మీద, మోకాళ్ళు మడిచి, ఎత్తు ఎక్కువైతే భుజం మీదుగా దొర్లి. ఆ పని కాళ్ళు చేయవలసిందే గాని ఫోమ్ చేయదు.

అసలు లోపం బూటును తిరగేస్తే గాని కనబడదు. బరువు తగ్గించడం కోసం చాలా పరుగు బూట్లకు పాదం వంపు కింద రబ్బరు వేయరు. అక్కడ ఫోమో, గట్టి ప్లాస్టిక్ ముక్కో బయటపడి ఉంటుంది. నేల మీద పరుగెత్తేవారికి దానితో ఇబ్బంది లేదు. కమ్మీ మీదికి దూకేవాడి పాదం కాస్త ముందుకు పోతే మాత్రం సరిగ్గా ఆ ముక్కే కమ్మీకి ఆనుతుంది. 41వ పూట నాకు జరిగింది అదే. తడి కూడా లేని కమ్మీ మీద ప్లాస్టిక్ సర్రున జారి, ఎడమ మోకాలి కింది ఎముక కమ్మీకి కొట్టుకుంది. తొమ్మిది రోజులు సాధన లేదు.

రెండో జత కోసం సాయంత్రం పూట వెళ్ళాను, పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కనుక. బూటు వేళ్ళ దగ్గర వంగాలి గాని పిండిన బట్టలా మెలితిరగకూడదు. సోలు మడమ నుంచి వేళ్ళ దాకా ఒకే రబ్బరు పలకగా, లోతైన గాడులు లేకుండా ఉండాలి. గోటితో నొక్కితే కొద్దిగా దిగే రబ్బరు గోడను బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గోరు దిగనిది మన్నుతుంది, నున్నటి గోడ మీద జారుతుంది. రెండు గుణాలూ ఒకే బూటులో కావాలనుకోవడం అత్యాశే. క్రీడాసామగ్రి అమ్మే డెకాథ్లాన్ వారి కలెంజీ ఎకిడెన్ బూటు, షాంఘైలో పుట్టిన ఫెయ్‌యూ కాన్వాసు బూటు ఖరీదైనవి కాకపోయినా పార్కూర్ సాధకుల్లో పేరు తెచ్చుకున్నది పలుచని, చదునైన సోలు వల్లనే.

నేను కొన్నది బడిపిల్లలు పీటీకి వేసుకునే తరహా కాన్వాసు జత. వంటింటి కాటా మీద ఒక్కో బూటు 260 గ్రాములు తూగింది, పాతది 335. మొదటి మూడు వారాలు పిక్కలు పట్టేసేవి, అందుకని మోకాలి ఎత్తు మించి దూకలేదు.

30వ పూటకు, క్యాట్ లీప్‌లో (గోడ మీదికి దూకి, చేతులతో అంచు పట్టుకుని వేలాడడం) గోడకు ముందుగా తగిలే వేళ్ళ దగ్గర సోలు ఊడింది. జిగురు పెట్టి వెంటనే అతికిస్తే రెండు పూటలకే మళ్ళీ నోరు తెరిచింది. మెట్రో స్టేషన్ మెట్ల పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన దానిని చూసి, “ఏం జేస్తవ్ బిడ్డా ఈ బూట్లతోని, గోడలు దూకుతవా?” అన్నాడు. అవునంటే నవ్వాడు. పాత జిగురును గరుకు కాగితంతో గీకి, రెండు వైపులా పలుచగా పూసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు అదిమాడు. ఆ పైన సోలు అంచున సన్నటి గాడి కోసి, దారం అందులో మునిగేలా కుట్టాడు. పైకి తేలిన దారం గోడకు రాసుకుని తెగిపోతుందని ఆయనకు నేను చెప్పవలసిన అవసరం రాలేదు. చివరిదాకా ఆ కుట్టు ఊడలేదు.

మన దగ్గర పట్టును చంపేది వానకంటే ఎక్కువగా దుమ్మే. ప్రతి పూటా మొదలుపెట్టే ముందు తడిగుడ్డతో సోలు తుడిచి, అరచేతితో రుద్ది ఆరబెడతాను. బూట్లు తడిస్తే ఇన్‌సోల్ (లోపలి మెత్త) తీసి, చన్నీళ్ళతో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, లోపల వార్తాపత్రిక కాగితాలు కూరి ఫ్యాను కింద ఉంచుతాను. కాగితాలు రెండుసార్లైనా మార్చాలి. మే నెలలో ఒకసారి డాబా మీద ఎండబెడితే జిగురు మెత్తబడి అంచు లేచింది. దాచుకోవడం కూడా రక్షణ కాదు: మా బావ ఆరేళ్ళు అలమరలో భద్రంగా ఉంచిన పాలీయురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సోలు జత వేసుకున్న రోజే పొడిపొడిగా రాలింది. గాలిలోని తేమ ఆ పదార్థాన్ని లోలోపల విరిచేస్తుంది.

96వ పూటకు రెండో జత వేళ్ళ కింద రబ్బరు అరిగి లోపలి బట్ట కనబడింది. మూడోది అదే రకం, ఇప్పటికి ఏడు పూటలయింది. కుడి బూటు అంచు ఎడమ దానికంటే అప్పుడే ఎక్కువ అరిగింది, అంటే గోడను ఎప్పుడూ కుడికాలితోనే తన్నుతున్నానన్నమాట. రేపటి నుంచి వాల్ రన్ (గోడను కాలితో తన్ని పైకి ఎగబాకడం) సగం ఎడమకాలితో.