వెల్డింగ్ కొట్టించిన డిఫరెన్షియల్‌తో 14 నెలలు

నాన్న జీపు 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540. ఆదిలాబాద్ నుంచి జైనథ్ వైపు మా చేను దాకా తారురోడ్డే, చివర ఒక కిలోమీటరున్నర మాత్రం బండ్లబాట. నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు, ఒక్క వాన పడిందా సబ్బే. టైరు గాడుల్లో మట్టి నిండిపోయి, ఎంత కొత్త టైరైనా గుండు చేయించుకున్నట్టు నున్నగా అవుతుంది.

ఫోర్‌వీల్ కదా, నీకేం భయం అంటారు అందరూ. పేరుకే నాలుగు. దిగబడినప్పుడు ముందు ఒకటి, వెనక ఒకటి గిర్రున తిరుగుతాయి, మిగిలిన రెండూ చూస్తూ కూర్చుంటాయి. జారే చక్రానికే బలమంతా పోతుందని నేనూ అనుకునేవాణ్ణి. అది తప్పు. మామూలు డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్యలో ఉండి ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, ఆ బలాన్ని సమానంగానే పంచుతుంది, చిక్కంతా అక్కడే. బురదలో ఉన్న చక్రం గుప్పెడు బలం కంటే పట్టుకోలేదు కాబట్టి, గట్టినేల మీదున్న దానికీ గుప్పెడే దక్కుతుంది. ఇంజిన్ ఎంత అరిచినా ఆ గుప్పెడు పెరగదు.

మా బాబాయి ట్రాక్టర్‌కి సీటు కింద, కుడి మడమ దగ్గర ఒక పెడల్ ఉంటుంది. దాన్ని తొక్కితే వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి మేకు కొట్టినట్టు కలిసి తిరుగుతాయి. ఊళ్ళో ట్రాక్టర్ తోలే పదిహేనేళ్ళ పిల్లలకి కూడా తెలిసిన సంగతి. తొక్కి పెట్టి మలపొద్దని కూడా తెలుసు. ఓ రోజు నా జీపును లాగి ఒడ్డున పడేసి, "ట్రాక్టర్‌కున్న తెలివి నీ జీపుకు లేదురా, దానికీ లాక్ కొట్టియ్యి" అన్నాడు.

కొట్టించాను. 2018లో, మూడు వేల లోపే. మేస్త్రి వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ విప్పి, లోపలి స్టార్ గేర్లని, సైడ్ గేర్లని డీజిల్‌తో రెండుసార్లు కడిగి, ఒకదానికొకటి కలిపి వెల్డింగ్ పెట్టాడు. అంత కడిగినా పళ్ళ సందుల్లో ఆయిల్ మిగిలే ఉంది. నీలం మంట తగలగానే చిటపటలాడుతూ నల్ల పొగ, గేర్ ఆయిల్ మాడిన ఆ గంధకం కంపు. ఆ చొక్కా రెండు ఉతుకుల దాకా వదల్లేదు.

ఆ జులైలో మాత్రం రాజానే. బాటలో రెండు చక్రాలూ కలిసి తవ్వుకుంటూ పోతుంటే స్టీరింగ్ మీద తాళం వేశాను.

తారురోడ్డు ఎక్కాక తెలిసింది. జీపుకి వెనక చక్రాల మధ్య దూరం నాలుగు అడుగుల పైనే. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి దానికంటే 25 అడుగులు ఎక్కువ నడవాలి. చిన్న చుట్టయినా పెద్ద చుట్టయినా ఈ తేడా అంతే, కాగితం మీద లెక్క వేసుకుని చూడండి. మామూలు డిఫరెన్షియల్ ఉన్నదే ఆ తేడాను సర్దడానికి. దాన్ని వెల్డింగ్‌తో మూసేస్తే ఆ 25 అడుగులూ టైరు అరగదీసుకునే పూర్తి చెయ్యాలి. బస్టాండు ముందు యూటర్న్ కొడితే కీచుమని అరుపు, టీ తాగేవాళ్ళంతా తిరిగి చూడ్డం. స్టీరింగ్ కుడికి తిప్పితే ముక్కు నేరుగా పోతానంటుంది. వెనక టైర్లు ఏడాది తిరక్కుండానే బోడి.

అసలు భయం మహబూబ్ ఘాట్‌లో. సన్నగా తుంపర, నిర్మల్ వైపు దిగుతున్నాం, పక్కన అమ్మ. మలుపులో ఎక్సలేటర్ మీంచి కాలు కాస్త తీశానో లేదో వెనక భాగం మొత్తం పక్కకి నడిచింది. మామూలు బండికి ఒక చక్రం జారినా రెండోది పట్టు నిలుపుతుంది. వెల్డింగ్ బండికి జారితే రెండూ ఒకేసారి జారతాయి. అమ్మ ఏమీ అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్నాలుగో నెలలో, మా ఇంటి గేటు దగ్గరే, మెల్లగా మలుపుతుంటే ఠంగుమంది. ఎడమ యాక్సిల్ రాడ్ పళ్ళున్న చోట చెరుకుగడలా మెలి తిరిగి తెగింది. ఆయిల్ దించితే అందులో గోటి ముక్కంత వెల్డింగ్ పెచ్చులు రెండు. క్రౌన్ అనే పెద్ద గేరు పళ్ళ మధ్య పడలేదు, అదృష్టం.

తర్వాత వేయించింది ప్లేట్ల ఎల్ఎస్‌డీ, అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. సెకండ్‌హ్యాండ్‌ది, వెల్డింగ్‌కి పది రెట్ల పైనే అయింది. లోపల క్లచ్ ప్లేట్ల లాంటి పళ్ళాలు, వాటిని నొక్కిపట్టే స్ప్రింగు. మలుపులో పళ్ళాలు జారి తేడాను ఒప్పుకుంటాయి, ఒక చక్రం ఊరికే తిరగబోతే రాపిడితో ఆపి కొంత బలం రెండోదానికి నెడతాయి. కొంతే. మామూలు గేర్ ఆయిల్ ఒక్కటే పోస్తే సరిపోదు, దాని తాలూకు మందు కలపాలి. కలపకపోతే మలుపులో గొణుగుతుంది. ప్లేట్లు అరుగుతాయి కూడా. ఇది వేశాక ఘాట్‌లో అమ్మ నిద్రపోయింది.

మా బావ కొత్త థార్‌లో ఇంకో రకం ఉంది. రెండు చక్రాల వేగాల్లో నిమిషానికి ఓ వంద చుట్ల తేడా వస్తే దానంతటదే ఠక్కున లాక్ అవుతుంది, రోడ్డు వేగంలో లాక్ అవ్వదు. ఈర్ష్యగానే ఉంది. గాలితో లాక్ అయ్యే ఆస్ట్రేలియా సరుకూ ఉంది, బటన్ నొక్కితే లాక్, తీస్తే మామూలు. నాకు డబ్బుంటే అదే. పాత అంబాసిడర్‌కి ఏది వేయించాలని మొన్న ఒకాయన అడిగాడు. ఏదీ వద్దన్నాను. ఆ ఇంజిన్‌తో తారు మీద టైరు జారించడం జరిగే పని కాదు.

పోయిన వానాకాలం బాటలో ఎడ్లబండి గాడి దాటుతుంటే ఎడమ వెనక చక్రం గాల్లోకి లేచింది. గాల్లో ఉన్న దానికి పట్టే లేదు కాబట్టి, ఎల్ఎస్‌డీ ఇవ్వగలిగింది పళ్ళాల రాపిడి ఎంతో అంతే. చాల్లేదు. చిట్కా ఒకటుంది: ఎక్సలేటర్ ఇస్తూనే కాలి బ్రేకు కొద్దిగా నొక్కితే తిరిగే చక్రానికి అడ్డు పడి, రెండోదానికి కాస్త బలం పోతుంది. హ్యాండ్‌బ్రేకుతో కుదరదు, ఈ పాత జీపులకి అది చక్రాల దగ్గర కాదు, షాఫ్ట్ మీద. నొక్కాను. అడుగు కదిలి, మళ్ళీ కూర్చుంది.

బాబాయికి ఫోన్ చేశాను. గొలుసు తగిలించి, ట్రాక్టర్ ఎక్కి, నా వైపు చూస్తూ కుడి మడమ పైకెత్తి చూపించాడు. తర్వాత పెడల్ తొక్కాడు.