హాలీ సిక్కాల కోసం మిషన్ పట్టిన నాలుగు సాయంత్రాలు

హాలీ సిక్కాలంటే నిజాం కాలపు వెండి నాణేలు. మట్టిలో నాకు దొరికినవాటి గురించి కలెక్టర్‌కు ఇచ్చిన దరఖాస్తు మీద నిన్ననే ముద్ర పడింది. మెటల్ డిటెక్టర్ కొనాలని చూస్తున్నవాళ్లకు పనికొస్తుందని, మరిచిపోకముందే రాస్తున్నా.

నర్సంపేట దిక్కు ఒక ఊళ్లో మా మేనమామ పాత ఇంటి జాగా. మట్టిగోడల పెంకుటిల్లు కూలి, వానలకు కరిగి దిబ్బైపోయింది. తవ్వుకోవచ్చని ఆయనతో కాగితం మీద సంతకం పెట్టించుకున్నా. మేనమామ దగ్గర కూడా సంతకమా అని నవ్వకండి, చివర్లో అదే అడిగారు. ఓరుగల్లు కోట దగ్గర, రామప్ప పక్కన, ఏ ఊరి పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) మీదైనా మిషన్ సంచిలోంచి తీయనే వద్దు.

నాది వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచే) రకం. నేల మీద ఊపే చక్రం 11 అంగుళాల డబుల్-డి కాయిల్, కింద ఏ లోహముందో 0 నుంచి 99 దాకా అంకెలో చూపే తెర. వెండైతే అంకె పెద్దది. బిగించడానికి పది నిమిషాలు చాలు.

ఇక మూడు సాయంత్రాలు పరువు పోయింది. మిషన్ ఆగకుండా కీచుమంటూనే ఉంది. 85 చూపిస్తే తవ్వా, తలుపు బందు. 88 అంటే బీరు మూత. మొత్తం 38 గుంతలు, డబ్బా నిండా తుప్పు మేకులు. పిలగాళ్లు గోడెక్కి కూర్చున్నారు: "అన్నా, లంకెబిందెలు ఎంత లోతుల ఉంటయే?" రెండోరోజు ఒక పెద్దమనిషి ఏకంగా కుర్చీ వేయించుకున్నాడు. "నీ మిషిని కంటె మా కోడి నయ్యం బిడ్డా, గెలికితే పురుగన్న దొరుకుతది" అన్నాడు. జవాబు దొరకలేదు.

తప్పు నాదే. మట్టిలోని ఇనుప ఖనిజాన్ని లెక్కలోంచి తీసేయమని మిషన్‌కు చెప్పడమే గ్రౌండ్ బ్యాలెన్స్. మన ఎర్ర చెల్కలో అది తప్పనిసరి. నేను దాన్ని గడప దగ్గర చేశా. అక్కడ కింద మేకులే మేకులు. మిషన్ ఆ మేకుల్నే మట్టి అనుకుంది, అసలు మట్టి తగిలినప్పుడల్లా అరిచింది. ముందు ఆల్-మెటల్ మోడ్‌లో (ఏ లోహానికైనా మోగేలా పెట్టి) తిరిగి, చడీచప్పుడు లేని జానెడు జాగా వెతకాలి. దాని మీద కాయిల్‌ను రెండు అంగుళాల నుంచి అడుగు ఎత్తు దాకా, శబ్దం సమానమయ్యేదాకా పైకీ కిందికీ ఆడించాలి. పక్క చేన్లో బోరు మోటరు నడుస్తున్నా కీచులాటే. కరెంటు పోయిన పూటే మిషన్ బుద్ధిగా ఉంది. సెన్సిటివిటీ, అంటే మిషన్ చురుకు, 90 నుంచి 65కు దించా. లోతు కొంత తగ్గుతుంది, కానీ చెవులు మిగులుతాయి.

బీరు మూతను పట్టే ఉపాయం ఒకటుంది. శబ్దం వచ్చిన చోటు నుంచి కాయిల్‌ను మెల్లగా వెనక్కి లాగుతూ, ముందు అంచు మాత్రమే తగిలేలా ఊపండి. ఇనుప మూతైతే అంకె ఢమాల్న పడిపోతుంది. వెండి చివరిదాకా నిలకడగా పలుకుతుంది. తొంభై డిగ్రీలు తిరిగి అడ్డంగా కూడా చూడండి. మేకైతే ఒకవైపు వెండిలా, ఇంకోవైపు ఇనుములా మాట మారుస్తుంది.

నాలుగోరోజు ఎటునుంచి చూసినా 84. గడ్డపార ముట్టలేదు, దాని దెబ్బ పడితే నాణెం పనికిరాదు. తాపీతో మూడు వైపులా కోసి మట్టిపెళ్లను మూతలా ఎత్తా. ఏడు అంగుళాల లోతులో గురిగి పెంకులు, వాటి మధ్య పచ్చగా చిలుమెక్కిన 14 బిళ్లలు: 9 రూపాయలు, 3 ఆఠాణాలు, 2 చారాణాలు. అన్నీ చార్మినార్ బొమ్మవే. నడిమి దర్వాజాలో ఉర్దూ 'ఐన్' అక్షరం ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌వి, 'మీమ్' ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌వి. నావన్నీ ఐన్‌లే. కంసాలి త్రాసులో రూపాయి 11.1 గ్రాములు తూగింది. 11.6 దాటితే అది ఇంగ్లీషు రూపాయి. హాలీ రూపాయిలో వెండి 81.8 శాతం, మిగతా ఎక్కువగా రాగే. ఆ పచ్చ చిలుము రాగిదే.

అత్తమ్మ అప్పటికే చింతపండు నానేసింది. చెయ్యి పట్టి ఆపా. చింతపండు, పళ్లపొడి, బూడిద ఏవీ వద్దు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి ఉంచి, గుడ్డతో అద్దితే చాలు.

తర్వాత చట్టం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం మట్టిలో దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే ఏం దొరికింది, విలువెంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది కలెక్టర్‌కు రాసివ్వాలి. సొత్తును ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని పూచీ ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఒక కౌంటర్ దగ్గరి మనిషి "గిన్ని బిళ్లలకు నోటీసేంది, అమ్ముకోపో" అని పక్కవాళ్లను పిలిచి మరీ నవ్వాడు. ఆయన మాట వింటే కేసు నా మీద, నవ్వు ఆయనకు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో ముద్ర పడేదాకా కిటికీ దగ్గర్నుంచి కదలకండి. ఒక్కో నాణేన్నీ రెండు వైపులా, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసుకున్నాకే అప్పగించండి.

కలెక్టర్ ప్రకటన వెలువడ్డాక హక్కుదారులు హాజరయ్యే తేదీ నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పడుతుంది. వందేళ్ల లోపు తమవాళ్లే దాచారని ఎవరైనా ముందుకొస్తే లెక్క కోర్టులో తేలాలి. ఎవరివీ కావని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పాతిక, జాగా యజమానికి పావు. మామయ్య మాత్రం ఇప్పటికే "మా నాయిన దాసినయేరా అవి" అంటున్నాడు.