మూడున్నర రూపాయల వడ్డీ

జీతం పడిన రోజు కాబట్టి ఉదయమే ఇంటి పద్దుల పుస్తకం తీశాను. క్రెడిట్ కార్డు బిల్లులో బాకీ 84,000 రూపాయలు, కట్టవలసిన కనీస మొత్తం 4,200 అని ఉంది. అత్తయ్య స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు ఆసుపత్రిలో కట్టిన అడ్వాన్సు, ఆ తరువాతి మందులు, ఫిజియోథెరపీ కలిసి అంతయింది. ఆ రాత్రి కార్డు లేకపోతే ఎవరి గుమ్మం ఎక్కవలసి వచ్చేదో తెలియదు కనుక దానిని తిట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అవసరం తీరాక కూడా బాకీని అక్కడే ఉంచడం మాత్రం వేరే సంగతి.

కాఫీ తాగుతూ అత్తయ్య "ఎంత వడ్డీకమ్మా?" అని అడిగారు. బిల్లులో నెలకు 3.5 శాతం, ఏడాదికి 42 శాతం అని ఉన్నదానిని ఆమెకు తెలిసిన లెక్కలోకి మార్చి, నూటికి మూడున్నర రూపాయలని చెప్పాను. తెనాలి పక్కన వారి ఊళ్లో సాగు పెట్టుబడికి ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే, ఆ ఇల్లు ఇక తేరుకోదని అనుకునేవారట. కార్డు వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉంటుందని, రెండూ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుందని ఆమెకు చెప్పలేదు. తన వల్లనే ఇదంతా అని అప్పటికే బాధపడుతున్నారు.

కనీస మొత్తం కడుతూ పోదామని మావారు మొదట అన్నారు. కాగితం మీద వేసి చూపించాను. 84,000 మీద నెల వడ్డీ 2,940, దాని మీద జీఎస్టీ 529, వెరసి 3,469. మనం 4,200 కడితే అసలులో తగ్గేది 731 రూపాయలు మాత్రమే. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. ఈరోజు బియ్యం బస్తా ఆ కార్డు మీద తెస్తే ఈరోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డుల వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కనుక, ఆ వైపు నుంచి ఊరట కోసం ఎదురుచూడడం కూడా దండగే.

చీటీ పాడదామన్నది మావారి రెండో ఆలోచన. ఇరవై మంది సభ్యులున్న లక్ష రూపాయల చీటీ అది, ఇంకా సగం కూడా నడవలేదు. ఈ దశలో పాట 22,000 వరకూ పోతోంది, అంటే 78,000 చేతికి తీసుకుని, మిగిలిన నెలలన్నీ వాయిదాలు కడుతూ ఉండాలి. చివరిదాకా ఆగితే ఆ తరుగు చాలావరకు తప్పుతుందని తెలిసి తెలిసి ఇప్పుడు పాడడం నాకు నచ్చలేదు. చీటీ మీద ఆశ పెట్టుకున్నది పాప కాలేజీ ఫీజుకు.

అందుకే పది గంటలకు, పుట్టింటివారు పెట్టిన చిన్న గొలుసు తీసుకుని బ్యాంకుకు వెళ్లాము. విలువ కట్టే ఆయన గీటురాయి మీద గీసి చూసి, లాకెట్టులోని రాళ్ల బరువు తీసేసి, నికర బరువు మీదనే లెక్క కట్టారు. బంగారం విలువంతా అప్పుగా ఇవ్వరు కదా, చేతికి వచ్చింది 60,000. వడ్డీ ఏడాదికి 9 శాతం, అంటే నూటికి నెలకు ముప్పావలా. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో డ్వాక్రా మహిళలకు పెట్టిన పావలా వడ్డీతో పోలిస్తే ఎక్కువే, కార్డుతో పోలిస్తే లెక్కలోకే రాదు. ఆ 60,000కు కార్డులో వడ్డీ, పన్ను కలిపి నెలకు 2,478 అయ్యేది, ఇక్కడ 450. గొలుసు కాగితంలో చుట్టి సీలు వేస్తున్నప్పుడు మావారు అటు చూడలేదు. నాకు మాత్రం అంత బాధేమీ కలగలేదు, బీరువాలో ఊరికే పడి ఉండే వస్తువు అది.

ఆ డబ్బు మధ్యాహ్నానికే కార్డుకు కట్టేశాము. ఇక మిగిలిన 24,000కు, సాయంత్రం ట్యూషన్ల మీద నాకు వచ్చే 9,000 ఇంటి ఖర్చులో కలపకుండా నేరుగా పంపితే మూడు నెలల్లో బాకీ తీరుతుంది. ఆ తరువాత అదే 9,000 బంగారం అప్పుకు మళ్లిస్తే ఏడాది గడువు లోపలే గొలుసు ఇంటికి వస్తుంది. ఈలోగా ఇల్లు మావారి జీతం 42,000 మీదనే నడవాలి. అద్దె 11,000, చీటీ, స్కూలు ఫీజు, ఆటో పోను మిగిలేదానిలో పాలు, కూరగాయలు, అత్తయ్య మందులు సరిపోవాలి. మందులు తగ్గించేది లేదు. ఆదివారం మాంసం రెండు వారాలకొకసారి అనుకున్నాము, ఓటీటీ ఆపేశాము. పిల్లల ముఖాలు చూస్తే రెండోదే పెద్ద కష్టంలా ఉంది.

బాకీ తీరగానే కార్డు రద్దు చేయించాలని మావారు, అత్యవసరానికి ఉంచాలని నేను. బాకీ ఏమీ లేని కార్డును రద్దు చేయమని అడిగితే బ్యాంకు 7 పనిదినాలలో చేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మనకే చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి కనుక తొందరేమీ లేదన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మూడో నెల బిల్లు వచ్చాక మాట్లాడుకుందామని పద్దు పుస్తకంలో రాసి, కార్డును అత్తయ్య చేతికిచ్చాను.